దించిన ఎడమ చేతి విషయమై

కరీంనగర్,
ఏప్రిల్ రెండవ వారం.

పదవిలో ఉన్నవారికి, పదవికి రాబోయేవారికి, ప్రస్తుతం సెలవు మీద ఉన్నవారికి:

ప్రతి అన్యాయానికీ దాన్ని విచారించే అధికారి ఎక్కడో ఒకరు ఉంటారని, ఆయన ఏ గదిలో కూర్చుంటారో మాత్రమే ప్రజలకు తెలియదని, పాలనాశాస్త్రం బోధించి బతుకుతున్న నాకు బాగా తెలుసు. అందువల్ల ఎవరి పేరూ రాయకుండా, అధికార వర్గమంతటికీ ఉమ్మడిగా ఈ వినతిని సమర్పించుకుంటున్నాను.

అర్జీదారు కోమల, అనగా నేను, కరీంనగర్‌లో ఒక డిగ్రీ కళాశాల అధ్యాపకురాలిని, నలభై దాటినదాన్ని. ప్రతివాది శ్యామల, నా మేనత్త బిడ్డ, వరసకు వదిన. బోథ్‌లో ఆడపిల్లల బడిలో కరాటే నేర్పుతుంది. ఆమె క్లాసు నిలవాలంటే ఒక నల్ల బెల్టు కావాలి. ఆ బెల్టు ఇప్పుడు ఆమె బీరువాలోనే ఉంది. ఆమె దాన్ని కట్టుకోనంటోంది. అందుకు కారణం నేనేనని ఆరోపణ. సాక్ష్యంగా మా ఉత్తరాలను వరుసగా జతపరుస్తున్నాను.

ఈ కాలంలో ఉత్తరాలేమిటని సముఖం వారు అడగవచ్చు. మా ఇంట్లో ఫోను ఉమ్మడి ఆస్తి. నాకు వచ్చిన సందేశానికి మా అత్తమ్మ లస్మవ్వ నాకన్నా ముందే వాయిస్ మెసేజ్‌లో జవాబు చెప్పేస్తుంది. పోస్టు కవరును మాత్రం కరెంటు బిల్లు అనుకొని ముట్టదు.

ఇట్లు,
కోమల

*

బోథ్,
నవంబరు.

మరదలు కోమలకు వదిన శ్యామల దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం. పత్తి ఏరడం నడుస్తోంది. మీ అన్న చేలో, నేను బడిలో, వంట దేవుని మీద భారం.

అసలు సంగతి. మా బడికి కొత్త నియమం వచ్చింది. కరాటే నేర్పేవాళ్లకు నల్ల బెల్టు ఉండాలట. వేసవి సెలవులకు ముందే చూపించకపోతే నా క్లాసును పట్నం నుంచి వచ్చే ఒకాయనకు అప్పగిస్తారు. ఆయన వచ్చి చూసి కూడా పోయాడు. ఆయన నల్ల బెల్టు ఎంత కొత్తదంటే, కవరులోంచి తీసిన మడతలు ఇంకా పోలేదు. ఆడపిల్లలకు కొట్టుకోవడం ఎందుకు, ఒళ్లు వంచే వ్యాయామం చాలు కదా అని హెడ్‌మాస్టరుకు సలహా ఇచ్చాడు. వెనుక వరుసలో ఉన్న గంగుబాయి ఊరుకోలేదు. “మేడం, గీయన వస్తే మనం కొట్టుకునుడు బందేనా?” అని అందరి ముందూ అడిగేసింది. 

నేను గోధుమ రంగు బెల్టు దగ్గరే ఎందుకు ఆగిపోయానో నీకు తెలుసు. తెలియనట్టు నటించకు. పోయిన ఆదివారం కరీంనగర్ వచ్చి, నీకు చెప్పకుండా, రాజయ్య మాస్టరును కలిశాను.

“సార్, నాకు పరీక్ష పెట్టుర్రి.”

“నీ జోడి ఏది?”

“అది పెద్ద మేడమయింది సార్. మీటింగులల్ల మాట్లాడుతది.”

“కొట్టుడు మర్సిపోయిందా?”

“మాటలతోని కొడుతది.”

“అయితే తోలుకరా. బాయిలకు ఒక్కడు దిగడు పోరీ. జోడి దిగుతది, జోడి ఎక్కుతది.”

జన్మంతా బొగ్గుబాయిలో పనిచేసిన మనిషి. తెల్ల బెల్టు ఎవరితో కలిసి కట్టుకుంటే నల్ల బెల్టు పరీక్షకూ వాళ్లతోనే నిలబడాలన్న నియమం ఆయన ఆ భూమి లోపలి నుంచి తెచ్చుకున్నది. మార్చడు. నువ్వు యూనివర్సిటీ చదువుకు హైదరాబాదు పోతూ “పరీక్ష వాయిదా” అన్నావు చూడు, ఆ వాయిదా నీ ఉద్యోగం, నీ పెళ్లి దాటి నీ కొడుకు ఇంటర్ దాకా వచ్చింది.

పరీక్ష మార్చిలో పెడతానన్నాడు. రా. నువ్వు గెలవనక్కర లేదు, నిలబడితే చాలు. నీ నడుము చుట్టుకొలత గురించి మాస్టరుకు నేనేమీ చెప్పలేదు. చూసినప్పుడే ఆశ్చర్యపోనీ.

నీ వదిన,
శ్యామల

*

కరీంనగర్,
నవంబరు చివర.

గౌరవనీయురాలైన వదిన గారి సముఖానికి,

తమ లేఖ అందినది. పరిశీలించడమైనది. తిరస్కరించడమైనది.

మనం ఈ విద్యలోకి ఇష్టపడి వచ్చినవాళ్లం కామన్న చారిత్రక సత్యాన్ని ముందుగా నమోదు చేయాలి. ఐదో తరగతి వేసవిలో అవ్వ మనిద్దరినీ నాట్యంలో చేర్చింది. కొద్ది రోజులకే నాట్యం టీచరు ఊరు మారింది. అదే రేకుల షెడ్డులోకి రాజయ్య మాస్టరు వచ్చాడు. “జాగ గదే, టైము గదే, ఎగురుడు గదే. పోర్రి” అని అవ్వ తీర్మానించింది. దర్జీ లక్ష్మీరాజం కరాటే డ్రెస్సు ఎన్నడూ చూడనందున, స్కూలు చొక్కా పద్ధతిలో కాలరు, జేబు, ఎందుకైనా మంచిదని నడుము దగ్గర కుచ్చులు కూడా పెట్టాడు. ఆ జేబులో నువ్వు పల్లిపట్టీ దాచుకునేదానివి. దెబ్బ తగిలినప్పుడు ఏడ్చేది దెబ్బకు కాదు, పల్లిపట్టీ పొడి అయినందుకు. షెడ్డు వెనుక గ్రానైటు పాలిష్ చేసే ఆవరణ. ఆ తెల్లని రాతి బురదలో అడుగులు నేర్చుకొని ఇంటికి వస్తే, మన పాదాలు గచ్చంతా ముగ్గులు వేసేవి. అవ్వ చీపురుతో కొట్టడానికి వస్తే, కొత్తగా నేర్చిన అడ్డుకట్టలను మొదట ప్రయోగించింది ఆమె మీదే. ఫలించలేదు.

ఇప్పటి పరిస్థితి వేరు. నన్ను చూస్తే విద్యార్థులు లేచి నిలబడతారు. ఒంటికాలి మీద నిలబడిన నన్ను చూసిన తర్వాత కూడా లేస్తారని హామీ ఇవ్వలేను. నా మోకాళ్లు వర్షానికి రెండు రోజుల ముందే హెచ్చరికలు జారీ చేస్తున్నాయి. అత్తమ్మకు తెలిస్తే బంధువులందరికీ తెలుస్తుంది. దుబాయిలో ఉన్నవాళ్లకు ముందు తెలుస్తుంది.

ఇవన్నీ అలా ఉంచు. నేను వచ్చి నిలబడలేకపోతే, నాతో పాటు నీ పరీక్ష కూడా చెడుతుంది. ఆ నష్టానికి బాధ్యత వహించే స్తోమత నాకు లేదు.

విధేయురాలు,
కోమల

తా.క.: కేవలం విద్యావిషయక ఆసక్తితో అడుగుతున్నాను. రెండో కటాలో మూడో మలుపు ఎడమకా, కుడికా?

*

బోథ్,
డిసెంబరు.

విద్యావిషయక ఆసక్తి గల మరదలికి,

ఎడమకు. మీ కళాశాల గ్రంథాలయంలో దొరకలేదా?

కటా అంటే ఎదుట ఎవరూ లేకుండా గాలితో చేసే పోరు. గాలి తిరిగి కొట్టదు కనుక నీకు ధైర్యం వచ్చిందన్నమాట. తిరస్కరించినవాళ్లకు మలుపులతో ఏం పని? నీ ఉత్తరం చదివి మీ అన్నకు కూడా వినిపించాను. “మోకాళ్ల మాట రాసిందంటే మొదలువెట్టినట్టే” అన్నాడు.

నా పరీక్ష చెడుతుందని భయపడుతున్నావు. నువ్వు రాకపోతే నాకు పరీక్షే లేదు. లేనిదాన్ని ఎట్లా చెడగొడతావు?

ఇక్కడ చలి బాగా పెరిగింది. పొద్దున పిల్లలు వరుసగా నిలబడి ఊపిరి వదిలితే ఇటుక బట్టీ లెక్క పొగలు. గంగుబాయి శాలువా తీయనంటుంది, శాలువాతోనే తంతుంది. పట్నం ఆయన ఇంకోసారి వచ్చి, వాళ్లు నిలబడే తీరు చూసి, ఇంత గట్టిగా నిలబడడం ఆడపిల్లలకు మంచిది కాదన్నాడు.  ఎదురు చెప్పడానికి నా నడుముకు ఉన్నది గోధుమ రంగు బెల్టు.

మిద్దె మీద చెయ్యి. తెల్లారక ముందు. ఎవరైనా అడిగితే వాకింగ్ అని చెప్పు.

శ్యామల

*

కరీంనగర్,
జనవరి.

వదిన గారికి,

మిద్దె మీద జరిగిన ఒక సంఘటన గురించి ఈ నివేదిక. రహస్యం.

శుక్రవారం తలస్నానం చేసి, జుట్టు ఆరడానికి విరబోసుకొని, మిద్దె మీద కటా మొదలుపెట్టాను. మలుపులు గుర్తుండడానికి కళ్లు మూసుకున్నాను. మాస్టరు చెప్పినట్టు చివరి దెబ్బకు కడుపులోంచి కేక వేశాను. కళ్లు తెరిచేసరికి ఎదురుగా అత్తమ్మ. ఒక చేతిలో వేపమండ, ఇంకో చేతిలో పసుపునీళ్ల చెంబు.

“ఎవలు తల్లీ నువ్వు? పోచమ్మవా, ఎల్లమ్మవా? ఏం తక్కువ జేసినం? జెప్పు తల్లీ.”

నిజం చెప్పడం ఒక మార్గం. రెండో మార్గం పాలనాపరంగా ఎక్కువ సౌకర్యంగా కనిపించింది. నేను కొంచెం ఊగి, గొంతు మార్చి,

“నా బిడ్డ కోమలను పొద్దుగాల పొయ్యి కాడికి పిలువద్దు. మార్చి దాక!” అన్నాను.

“మార్చి దాకనా తల్లీ?”

అమ్మవార్లు ఇంగ్లీషు నెలలు వాడరన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. “ఉగాది దాక” అని సవరణ ఉత్తర్వు జారీ చేశాను. అత్తమ్మ పసుపునీళ్లు నా మీద చల్లి, వేములవాడ రాజన్నకు కోడె కడతానని కూడా మొక్కి కిందికి పోయింది. నాటి నుంచి పొద్దున టీ మా ఆయన పెడుతున్నాడు. దైవభయం వల్ల చక్కెర కొంచెం ఎక్కువ పడుతోంది.

పై పరిస్థితుల దృష్ట్యా మునుపటి తిరస్కరణ ఉత్తర్వును రద్దు చేయడమైనది. మార్చిలో వస్తాను. ఇది దయతో కాదు. ఒక దేవత మాట నిలబెట్టడానికి మాత్రమే.

కోమల

*

బోథ్,
ఫిబ్రవరి.

అమ్మవారికి సాష్టాంగ నమస్కారాలు.

మీ అత్తమ్మ నాకు ఫోను చేసింది.

“ఏం బిడ్డా శ్యామలా, మా కోడలు మీదికి అమ్మవారు వస్తుంది.”

“అట్లనా పెద్దమ్మా! ఏమంటుంది?”

“అనుడు మంచిగనే అంటుంది. గానీ గా అమ్మవారికి కుడికాలు లేస్తలేదు. నడుము ఎట్ల తిప్పాల్నో నువ్వన్న జర చెప్పరాదు?”

నాకు నవ్వు ఆగక ఫోను మీ అన్న చేతికి ఇచ్చాను. మళ్లీ తీసుకొని, “నీకు ముందే తెలుసా పెద్దమ్మా?” అన్నాను.

“పోచమ్మ వస్తే మార్చి అంటదా బిడ్డా? నాకు ఎరుకైందని దానికి చెప్పకు. సిగ్గువడి బంద్ వెడుతది.”

చెప్పవద్దన్నది కనుక రాస్తున్నాను. ఎంతైనా ఆమెకు మొక్కు తీర్చే పని ఎటూ తప్పదు. ఇక దాపరికం దేనికి? దిండు పట్టుకొని ఎదుట నిలబడడానికి నీకు మనిషి కావాలి, ఆమెనే అడుగు.

కాలు ఎత్తేటప్పుడు నిలబడిన కాలి మడమ తిప్పు, నడుము దానంతట అదే తిరుగుతుంది. ఎడమ చెయ్యి సంగతి నీకు నేను చెప్పేది లేదు. షెడ్డులో మనతో నేర్చుకున్న పరశురాములు ఎంత తన్నినా ఆ చెయ్యి నీ గడ్డం కింది నుంచి ఎన్నడూ దిగలేదు. మాస్టరు నిన్ను నిలబెట్టి అందరికీ చూపించేవాడు: “సూడుర్రి. గిది ఇంటి తలుపు. గిట్లుండాలె.” ఇప్పుడు నేను మా పిల్లలకు రోజూ అదే మాట చెబుతున్నాను. తలుపు ఎవరిదో మాత్రం చెప్పలేదు. నీకు గర్వం వస్తుంది.

శ్యామల

*

కరీంనగర్,
మార్చి.

వదినా,

అత్తమ్మ దిండు బాధ్యతలు స్వీకరించింది. జీతం అడగలేదు, సలహాలు మాత్రం ఇస్తోంది.

పరీక్ష మన పరశురాములు గ్రానైటు యార్డులో అని మాస్టరు చెప్పాడు. నాకున్న ఒక సందేహాన్ని ఆయన్ను అడిగి తీర్చుకున్నాను. ఏమిటో నీకు చెప్పను. ఒకటి మాత్రం తెలియజేయడమైనది: నేను కేవలం నిలబడడానికి రావడం లేదు.

కోమల

*

బోథ్,
ఏప్రిల్ మొదటివారం.

కోమలా,

పరీక్ష అయిపోయిన నాటి నుంచి ఈ ఉత్తరం రాయాలని కూర్చొని లేస్తున్నాను.

నవ్వుకునే సంగతులు చాలానే ఉన్నాయి. పగలగొట్టడానికి మట్టి పెంకులు పెట్టమంటే, పరశురాములు ప్రేమ కొద్దీ పాలిష్ పట్టిన గ్రానైటు పలకలు పెట్టించాడు. “కరీంనగరోళ్లు మట్టి పెంకులు పలగ్గొట్టుడేంది సార్? పరువు ఉండాలె గద” అన్నాడు. మాస్టరు “అయితే ముందుగాల నువ్వు కొట్టు” అన్నాడు. కొట్టాడు. మధ్యాహ్నం ఆయనకు అన్నం ఇంకొకరు కలిపి పెట్టారు. బోథ్ నుంచి పత్తిలో చుట్టి బస్సులో తెచ్చిన మా పాత ఇంటి పెంకులే చివరికి గతి అయ్యాయి. మామూలుగా అయితే ఇదే రెండు పేజీలు రాసేదాన్ని.

ఆఖరి పోటీలో నీ ఎడమ చెయ్యి దిగింది.

తగ్గలేదు, జారలేదు. దిగింది. నా కాలు అప్పటికే గాలిలో ఉంది. నీ పక్కటెముకల మీద పడిన శబ్దం నాకు వినిపించింది. నువ్వు పడ్డావు. లేచి నవ్వావు కూడా. మర్నాడు మాస్టరు ఫోనులో “నువ్వు పాసు. కోమల ఫెయిలు” అన్నాడు. ఎందుకు సార్ అంటే, “జోడి సంగతి జోడే తేల్చుకోవాలె” అని పెట్టేశాడు.

పరశురాములు ఎంత తన్నినా దిగని చెయ్యి నా ముందు ఎందుకు దిగింది? నా క్లాసు పోతుందని నీకు తెలుసు. నాకు జాలి పడి ఇచ్చావు కదూ?

ఆ బెల్టు కట్టుకొని రేపు ఏ ముఖంతో గంగుబాయికి “చెయ్యి దించకు” అని చెప్పను? బీరువాలో పెట్టాను. హెడ్‌మాస్టరు నెలాఖరు దాకా ఆగుతామన్నారు. పట్నం ఆయనకు కబురు కూడా పోయిందట. పోనీ. అడుక్కున్న బెల్టుతో ఉండేకన్నా క్లాసు పోవడమే నయం.

నిజం రాయి. నన్ను నవ్వించవద్దు.

శ్యామల

*

కరీంనగర్,
ఏప్రిల్ రెండవ వారం.

వదినా,

నవ్వించవద్దన్నావు. సరే. గట్టిగా ఊపిరి తీస్తేనే పక్కటెముక కలుక్కుమంటోంది; నవ్వు నాకే నిషేధించడమైనది.

నువ్వు చేసిన ఆరోపణ చాలా గౌరవప్రదమైనది. వదిన క్లాసు కోసం తన బెల్టును వదులుకున్న మరదలు! స్టాఫ్‌రూములో కూడా ఈ కథే ప్రచారంలో ఉంది. నేను ఖండించలేదు. తల కొంచెం వంచి, విచారంగా టీ తాగుతూ ఆ కీర్తిని అనుభవిస్తూ వచ్చాను. నువ్వు బెల్టు బీరువాలో పెట్టకపోయి ఉంటే రిటైరయ్యే దాకా అనుభవించేదాన్ని.

అది అబద్ధం. చెయ్యి దించింది నిన్ను కొట్టడానికి.

నీ కుడికాలికి ఆశ ఎక్కువ. ఖాళీ కనిపిస్తే ఆగదు. అందుకే ఖాళీ చూపించి, నీ కాలు లేచిన వెంటనే పక్కకు జరిగి, నీ ఛాతీ మీద కొట్టాలని పథకం వేశాను. ఫిబ్రవరి, మార్చి మిద్దె మీద చేసింది అదే. నీ స్థానంలో అత్తమ్మను నిలబెట్టాను. నమ్మవని తెలిసి ఆమె వాంగ్మూలం తీసుకున్నాను. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను:

“అవ్, చెయ్యి దించి రా రా అని పిలిచేది. నేను కాలు లేపే లోపల పక్కకు జరిగి గుద్దేది. ప్రతిసారి నన్నే గుద్దింది. శ్యామల కాలు గూడ నా కాలు లెక్కనే లేస్తదనుకున్నది, పిచ్చిది.”

తప్పు అక్కడే జరిగింది. కీళ్లనొప్పులకు మందు వాడుతున్న ఒక పెద్దావిడ వేగాన్ని ప్రమాణంగా తీసుకొని నీతో పోరాటానికి వచ్చాను.

మాస్టరును అడిగిన సందేహం కూడా చెబుతాను. “నేను ఓడగొడితే శ్యామల బెల్టు పోతదా సార్?” అని అడిగాను. “బెల్టు నేనిస్త. గెలుపు ఇయ్యది. నువ్వు కొట్టు” అన్నాడు. ఆ భయం తీరిన తర్వాతనే నిన్ను కొట్టడానికి నిశ్చింతగా తయారయ్యాను. ఫలితం చెప్పిన రోజు ఆయన నన్ను ఇంటికి పిలిచి, “బంగారం లెక్క తలుపుండె. గది తెరిసి దొంగను పట్టుకుంట అన్నవు. వచ్చిన దొంగ నీకన్న పైల్వాను. గసొంటి ఏషాలు నల్ల బెల్టుకు పనికిరావు” అన్నాడు. నేను ఫెయిలైంది అందుకు. నీకు ఎందుకు చెప్పలేదంటే, నా నోటితో నేనే చెప్పుకోవాలని. ముసలాయన శిక్షలు అట్లాగే ఉంటాయి.

వదినా, నేను కిందపడి పైకి చూసినప్పుడు నీ ముఖం కనిపించింది. నా మీద నీకు ఏ దయా లేదు. ఐదో తరగతి నుంచి నీతో కొట్టుకుంటున్నాను. నువ్వు అంత అందంగా కొట్టడం నేను ఎన్నడూ చూడలేదు. ఊపిరి ఆడకపోయినా, నా తర్వాత ఆ కాలి ముందు నిలబడి నేర్చుకునే పిల్లలు అదృష్టవంతులని అనుకున్నాను. అందుకే లేచి నవ్వింది. ఇంటికి వచ్చిన తర్వాత మాత్రం కోపం వచ్చింది. ఇంకా తగ్గలేదు. అన్నం తింటుంటే గుర్తొస్తుంది, పాఠం చెబుతుంటే గుర్తొస్తుంది. జాలితో ఇచ్చినవాళ్లకు ఇంత కోపం ఎక్కడి నుంచి వస్తుంది? నీకు ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేకుండె. అన్నీ నువ్వే గుంజుకున్నావు.

కనుక, ప్రతివాదికి అసలు ప్రతిని, మొదట పేర్కొన్న అధికార వర్గమంతటికీ నకళ్లను పంపుతూ, ఈ క్రింది డిమాండ్లను దాఖలు చేయడమైనది.

డిమాండు సంఖ్య 1. ఈ ఉత్తరం అందిన మర్నాడే ప్రతివాది నల్ల బెల్టు కట్టుకొని, ముందు హెడ్‌మాస్టరు గదిలోకి, తర్వాత గంగుబాయి ఎదుటికి వెళ్లి నిలబడాలి.

డిమాండు సంఖ్య 2. పక్కటెముక అతుక్కున్న వెంటనే అర్జీదారు మళ్లీ పరీక్షకు నిలబడుతుంది. మాస్టరు ఒప్పుకున్నాడు. జోడి కనుక ప్రతివాది బోథ్ నుంచి బస్సెక్కి రావాలి. పత్తి, వంట, మా అన్న ఆరోగ్యం వంటి సాకులు అంగీకరించబడవు.

డిమాండు సంఖ్య 3. ఆ రోజు అర్జీదారు చెయ్యి దించదు. ప్రతివాది కూడా మొన్న కొట్టినంత గట్టిగానే కొట్టాలి. నా వయసు, హోదా, పక్కటెముక చూసి ఏ మాత్రం తగ్గించినా ఆ దెబ్బ చెల్లదు, పోటీ మొదటి నుంచి మళ్లీ జరపాలి.